సిమ్ ఖాలా దగ్గర, వాట్సాప్ కువైట్‌లో: కొత్త ఉత్తర్వుతో గల్ఫ్ కుటుంబాలకు వచ్చే చిక్కు ఏంటి?

వీరులపాడులో మా ఖాలా ఇంట్లో రెండు ఫోన్లుంటాయి. ఒకటి స్మార్ట్‌ఫోన్, వీడియో కాల్‌కి. రెండోది బటన్ల ఫోను. దాంతో ఎవరూ మాట్లాడరు. ఎప్పుడు చూసినా ఫ్రిజ్ మీద చార్జింగ్‌లో పడి ఉంటుంది. అందులో ఉన్నది కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేస్తున్న వాళ్ల పెద్దబ్బాయి సిమ్. భాయ్ అక్కడ కువైట్ సిమ్ వేసుకున్నాడు గానీ, వాట్సాప్ మాత్రం ఇక్కడి నంబర్ మీదే నడుపుతున్నాడు. బ్యాంకు ఓటీపీ వస్తే బటన్ల ఫోన్ మోగుతుంది. ఖాలా కళ్లద్దాలు పెట్టుకుని, స్మార్ట్‌ఫోన్‌లో కొడుక్కి వాయిస్ మెసేజ్ పెట్టి ఆ ఆరంకెలూ ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తుంది. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు, నిజం చెప్పాలంటే నాక్కూడా.

ఇది ఒక్క ఖాలా ఇంటి సంగతి కాదు. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్లలో ఈ ఏర్పాటు నేను చాలాచోట్ల చూశాను. సిమ్ అమ్మ దగ్గరో భార్య దగ్గరో ఉంటుంది, వాట్సాప్ గల్ఫ్‌లో ఉంటుంది. ఈ రెంటినీ విడదీయడం ఇక కుదరదని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబర్ 28న ఉత్తర్వు ఇచ్చింది.

అదే వారంలో ఇంకో గొడవ నడిచింది. కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని కంపెనీలకు చెప్పడం, మనమీద నిఘా పెడతారా అని దేశమంతా అడగడం, డిసెంబర్ 3న ప్రభుత్వం ఆ మాట వెనక్కి తీసుకోవడం అందరూ టీవీల్లో చూశారు. ఆ హడావిడిలో ఈ రెండో ఉత్తర్వు మీద మన ఇళ్లలో పెద్దగా చర్చ జరగలేదు. కానీ యాప్ గొడవ కంటే మనకి ఎక్కువ తగిలేది ఇదే.

ఉత్తర్వులో ఉన్నదేంటంటే, భారతీయ మొబైల్ నంబర్‌తో ఖాతా తెరిచే వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లు ఆ నంబర్ సిమ్ అదే ఫోన్‌లో, పనిచేసే స్థితిలో ఉంటేనే నడవాలి. ఇప్పటిదాకా అలా లేదు. మొదటిసారి ఒక ఓటీపీ వస్తుంది, కొడతాం, అంతే. తర్వాత సిమ్ తీసేసినా, వేరే ఫోన్‌లో వేసినా వాట్సాప్ వైఫై మీద హాయిగా నడుస్తుంది. ఇకపై యాప్ ఆ సిమ్ ఉందా లేదా అని చూస్తూనే ఉండాలి. దీన్నే సిమ్ బైండింగ్ అంటున్నారు. కంపెనీలకు ఇచ్చిన గడువు 90 రోజులు. అంటే 2026 ఫిబ్రవరి ఆఖరి వారం. నెలవంకను బట్టి చూస్తే అప్పటికి రంజాన్ మొదలై వారం దాటి ఉంటుంది. సహరీ వేళకి లేపే కాల్ దగ్గర్నుంచి జకాత్ డబ్బు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే మెసేజ్ దాకా అన్నీ వాట్సాప్‌లోనే నడిచే నెల అది.

ఉత్తర్వులో రెండో భాగం కంప్యూటర్‌లో వాడే వాట్సాప్ వెబ్ గురించి. ఆరు గంటలకు మించకుండా దానంతట అదే లాగౌట్ అయిపోవాలి. మళ్లీ కావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. ఆఫీసుల్లో రోజంతా వాట్సాప్ వెబ్ తెరిచి కూర్చునేవాళ్లకి ఇది తలనొప్పే. మన ఊళ్ల జిరాక్స్ షాపుల్లో మాత్రం ఇది మేలు అంటాను. ఆధార్ కాపీ ప్రింట్ కోసం షాపులో కంప్యూటర్‌కి మన వాట్సాప్ కలిపి, పని అయ్యాక అలాగే వదిలేసి వచ్చేవాళ్లు ఎంతమందో. ఉత్తర్వు అమలయ్యేదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడే మీ వాట్సాప్‌లో మూడు చుక్కలు నొక్కి 'లింక్డ్ డివైసెస్' చూడండి. అక్కడ మీకు తెలియని కంప్యూటర్ పేరు, గుర్తులేని తేదీ కనిపిస్తే దానిమీద నొక్కి లాగౌట్ చేయండి. ఈసారి ప్రింట్ తీయించుకోవాల్సి వస్తే షాపతన్ని బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరవమని అడగండి. ఆ విండోలన్నీ మూసేస్తే మన లాగిన్ కూడా పోతుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం కంప్యూటర్‌లో ఉండిపోతుంది, దాన్ని మీ ముందే తీసేయమనండి.

ప్రభుత్వం ఇంత పని ఎందుకు పెట్టుకుంది అంటే, దానికి కారణం లేకపోలేదు. కాంబోడియా, మయన్మార్, లావోస్‌లలో కూర్చుని మన నంబర్లతో వాట్సాప్ తెరిచి, పోలీసులమనీ సీబీఐ అనీ బెదిరించి డబ్బు లాగే ముఠాల సంగతి తెలిసిందే. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లనే కాంబోడియా తీసుకెళ్లి ఈ మోసాలు చేయించారు. సిమ్ ఇక్కడ, వాట్సాప్ అక్కడ అనే ఏర్పాటు మనకి ఎలా పనికొస్తుందో వాళ్లకీ అలాగే పనికొస్తుంది.

అయితే దీంతో మోసాలు ఆగిపోతాయా? నాకు అంత నమ్మకం లేదు. డబ్బు పెట్టగలిగిన ముఠా సిమ్‌లనే సంచుల్లో మోయిస్తుంది. ఇబ్బంది పడేది నెలకి ఒకసారి డబ్బు పంపి, రోజూ రాత్రి పిల్లల ముఖం చూసి పడుకునే మనిషి. సిమ్ ఫోన్‌లోనే ఉంచుకుని రోమింగ్‌లో ఉన్నవాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదని టెలికాం శాఖ చెప్పింది. మంచిదే. మరి సిమ్ ఊళ్లో వదిలి వెళ్లినవాళ్ల సంగతి? లక్షలమంది గల్ఫ్ కూలీలు ఉన్న దేశంలో వాళ్లకి ఒక దారి, ఇంకాస్త గడువు ముందే ఆలోచించి పెట్టాల్సింది. గడువు జరగొచ్చు, నియమం సడలొచ్చు, కోర్టుకీ వెళ్లొచ్చు. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దని ఎందుకంటున్నానో చెప్తాను.

నంబర్ పోతే ఏమవుతుంది

మా దూరపు బంధువు ఒకాయన దమ్మామ్‌లో రెండేళ్లు పనిచేసి వచ్చారు. వెళ్లేటప్పుడు ఇక్కడి సిమ్ పర్సులో పెట్టుకుని వెళ్లారు, రీచార్జ్ మాత్రం చేయించలేదు. 'వాడని నంబర్‌కి డబ్బెందుకు తగలేయాలి' అనుకున్నారు. వాట్సాప్ నడుస్తూనే ఉంది కాబట్టి నంబర్ తనదే అనుకున్నారు. ఒకరోజు ఉదయం వాట్సాప్ దానంతట అదే లాగౌట్ అయింది. మళ్లీ తెరుద్దామంటే ఓటీపీ ఎవరికో వెళ్తోంది. ఎందుకంటే ఆ నంబర్ అప్పటికే వేరే రాష్ట్రంలో ఇంకో మనిషికి ఇచ్చేశారు. మన కుటుంబ గ్రూపులో ఆయన పేరు కింద ఎవరిదో కొత్త ఫొటో. పాపం ఆ కొత్తాయన తప్పేం లేదు, షాపులో డబ్బిచ్చి సిమ్ కొనుక్కున్నాడు. కానీ మా బంధువు బ్యాంకు ఖాతాకి, గ్యాస్‌కి, ఆధార్‌కి ఉన్న నంబర్ అదే. ఆయన సెలవు మీద వచ్చాక నలభై రోజుల్లో సగం రోజులు బ్యాంకు, ఆధార్ సెంటర్ చుట్టూనే తిరిగారు.

ఇలా జరగడం చట్టప్రకారమే. 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నియమం ఒకటుంది. ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులపాటు దేనికీ వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. అయితే బ్యాలెన్స్‌లో కనీసం 20 రూపాయలు ఉంటే ఆపకూడదు. ఆ 20 రూపాయలు తీసుకుని ఇంకో 30 రోజులు నంబర్ ఉంచాలి. బ్యాలెన్స్ ఉన్నంతకాలం ఇలా సాగుతుంది. ఆపేసిన తర్వాత కూడా 15 రోజుల్లోపు అడిగితే తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత ఆ నంబర్‌ని కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఇంకొకరికి ఇచ్చేస్తారు. నంబర్లు తరిగిపోయే వస్తువు కాబట్టి తిప్పి వాడటం తప్పదు.

ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆపేసిన నంబర్లు కొత్తవాళ్లకి ఇవ్వకుండా ఆపాలని వేసిన పిటిషన్‌ని 2023 నవంబర్‌లో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి బెంచ్ విని మూసేసింది. వాడకం మానేసిన నంబర్ మీద ఉన్న తన సమాచారాన్ని తీసేసుకోవాల్సిన జాగ్రత్త ఖాతాదారుడిదే అన్నది కోర్టు చెప్పిన దాని సారాంశం. 45 రోజులు వాడకుండా ఉన్న ఖాతా నంబర్‌తో వేరే ఫోన్‌లో ఎవరైనా వాట్సాప్ తెరిస్తే పాత డేటా తీసేస్తామన్న వాట్సాప్ నియమం కూడా అక్కడ ప్రస్తావనకి వచ్చింది. అంటే సిమ్ బైండింగ్ వచ్చినా రాకపోయినా నంబర్ కాపాడుకోవడం మన నెత్తిమీదే ఉంది.

బ్యాంకుల వైపు కూడా పరిస్థితి బిగుసుకుంటోంది. ఆపేసిన నంబర్ల జాబితా చూసుకుని తమ ఖాతాదారుల నంబర్లు సరిచేసుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరి 17న బ్యాంకులకు చెప్పింది, మార్చి 31 దాకా సమయం ఇచ్చింది. యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ కూడా ఇదే బాటలో, చేతులు మారిన నంబర్లని వారానికోసారి సరిచూసుకోమంది. కాబట్టి చనిపోయిన నంబర్ మీద ఫోన్‌పే, గూగుల్ పే ఇంకా నడుస్తున్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

లెక్క

బీకాం చదివినవాడిని కాబట్టి లెక్క వేయకుండా ఉండలేను. ఒకప్పుడు నెట్ అక్కర్లేకపోయినా నెట్‌తో కలిపిన ప్యాకే కొనాల్సి వచ్చేది. 2024 డిసెంబర్ 23న ట్రాయ్ కొత్త నిబంధన తెచ్చి, కాల్స్, ఎస్‌ఎంఎస్ మాత్రమే ఉన్న ప్యాక్ కనీసం ఒకటైనా పెట్టాలని, అలాంటి వోచర్ల గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని చెప్పింది. 2025 జనవరిలో కంపెనీలు అవి తెచ్చాయి. జియో 84 రోజులకు 448 రూపాయలు, 336 రోజులకు 1,748 రూపాయలు పెట్టింది. ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849 పెట్టింది. రోజుకి చూస్తే అన్నీ అయిదు, ఆరు రూపాయల మధ్యలోనే పడతాయి. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి రీచార్జ్ రోజున యాప్‌లో ఒకసారి చూసుకోండి. యాప్ తెరవగానే నెట్ ప్యాకులే ముందు కనిపిస్తాయి. కిందికి జరిపి, వాయిస్ ప్యాకులు ఉన్న చోటు వెతుక్కోవాలి. షాపులో అడిగితే వాడికి కమిషన్ ఎక్కువొచ్చేదే చెప్తాడని కాదు గానీ, మీరే పేరు పెట్టి అడగండి.

ఏడాదికి 1,849 అంటే కువైట్ దినార్లలో ఆరేడు. అక్కడ ఉన్న మనిషికి అది పెద్ద మొత్తం కాదు. నంబర్ పోయాక తిరిగే తిరుగుళ్లతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. 20 రూపాయల బ్యాలెన్స్ సంగతి చదివి, 'అయితే అదే చాలుగా' అని మా తమ్ముడు అన్నాడు. చాలదు. బ్యాలెన్స్ వల్ల నంబర్ మీ పేరున ఉంటుంది. ప్యాక్ గడువు అయిపోయాక ఓటీపీ మెసేజ్ వస్తుందన్న భరోసా మాత్రం లేదు. నంబర్ ఉండటం వేరు, దానికి మెసేజ్ రావడం వేరు. పైగా సిమ్ బైండింగ్ అడిగేది పనిచేస్తున్న సిమ్‌ని.

సిమ్ ఎక్కడ ఉండాలి

ఇప్పుడు అసలు చిక్కు. సిమ్ కువైట్ పంపితే వాట్సాప్ నడుస్తుంది, కానీ ఆ నంబర్‌కి కట్టి ఉన్న ఇంటి పనులన్నీ ఆగుతాయి. ఖాలా గ్యాస్ బుకింగ్, చిన్నవాడి కాలేజీ ఫీజు మెసేజ్‌లు కూడా ఆ నంబర్‌కే వస్తాయి, ఎందుకంటే అప్పట్లో ఇంట్లో ఉన్న ఒకే ఒక నంబర్ అది. సిమ్ ఇక్కడే ఉంచితే బ్యాంకు పని జరుగుతుంది, వాట్సాప్ పోతుంది.

నా అభిప్రాయం, సిమ్ ఎవరిదో వాళ్ల దగ్గరే ఉండాలి. వాట్సాప్ కోసం కాదు, ఓటీపీ కోసం. ఖాలా నాలుగేళ్లుగా చేస్తున్న పని ఒకసారి ఆలోచించండి. ఫోన్ మోగగానే అంకెలు చదివి వినిపించడం. మనం ఆమెకి నేర్పింది అదే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు రోజూ మెసేజ్ పెడుతుంటే, చెప్పడమే ఆమెకి ఇంటిపని అయిపోయింది. రేపు ఎవడో కువైట్ నుంచి మాట్లాడుతున్నానని, 'నీ కొడుకు ఫోన్ పోయింది, నేను వాడి రూమ్మేట్‌ని, ఇప్పుడు వచ్చిన నంబర్ చెప్పు ఖాలా' అంటే ఆమె చెప్పదని నేను హామీ ఇవ్వలేను. ఇప్పుడు గొంతుని కూడా అచ్చం దింపేస్తున్నారు. మన ఇళ్ల అమ్మలకి అక్షరం రాకపోవడం వల్ల కాదు ఈ ప్రమాదం. పిల్లల కోసం ఏదైనా చేసే అలవాటు వల్ల.

కాబట్టి రెండు పనులు చేయాలి. మొదటిది ఇంటి పనులు ఇంట్లో ఉన్నవాళ్ల నంబర్‌కి మార్చడం. ఖాలా బ్యాంకు ఖాతాకి ఖాలా నంబరే ఉండాలి, కొడుకుది కాదు. దీనికి బ్రాంచ్‌కి వెళ్లి ఫారం ఇవ్వాలి, ఆధార్, పాస్‌బుక్ తీసుకెళ్లాలి. గ్యాస్, కరెంటు బిల్లు, పిల్లల కాలేజీ, ఇవి తేలికే. ఆధార్‌లో నంబర్ మార్చడానికి మన ఊళ్లలో ఇప్పటికీ సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేయించుకుంటున్నారు, ఫీజు 2025 అక్టోబర్ నుంచి 75 రూపాయలు. ఆధార్ కార్డుకి, వాట్సాప్‌కి సంబంధం లేదనుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ 9552300009 నంబర్‌లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి సర్టిఫికెట్ల దాకా నడుస్తోంది. అంటే వాట్సాప్ కూడా ఇప్పుడు ఒక ఆఫీసే. అందులోకి వెళ్లే నంబర్ ఇంట్లో మనిషిది అయి ఉంటే మంచిది.

రెండో పని గల్ఫ్‌లో ఉన్న మనిషి చేయాల్సింది. రెండు సిమ్‌ల ఫోన్ ఉంటే ఒకదాంట్లో అక్కడి సిమ్, ఇంకోదాంట్లో మన సిమ్. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకి అక్కడి సిమ్ ఎంచుకోవాలి. మన సిమ్‌కి డేటా రోమింగ్ తప్పకుండా ఆపేయాలి. ఇది మరిచిపోతే, యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ అయ్యి, బ్యాలెన్స్ మొత్తం నిమిషాల్లో ఊడ్చుకుపోతుంది. రోమింగ్‌లో మెసేజ్ అందుకోవడానికి సాధారణంగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది, అదీ బాగానే. కాబట్టి మన సిమ్‌కి కాల్ వస్తే కట్ చేసి వాట్సాప్‌లో మాట్లాడుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అంతర్జాతీయ రోమింగ్ అనేది దానంతట అది ఆన్‌లో ఉండదు, దాన్ని ఇక్కడ ఉండగానే కంపెనీ యాప్‌లో గానీ కస్టమర్ కేర్‌తో గానీ ఆన్ చేయించుకోవాలి. దానికి ఎంత పడుతుందో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, బయల్దేరే వారం ముందే అడిగి పెట్టుకోండి. విమానాశ్రయంలో గుర్తొస్తే లాభం లేదు.

సిమ్ ఇప్పటికే ఇక్కడుండి, మనిషి అక్కడుంటే? పక్క వీధి అబ్బాయి జనవరిలో వెళ్తున్నాడు కదా, వాడితో పంపుదామని ఖాలా అంది. నేను వద్దన్నాను. నమ్మకం లేక కాదు. ఇతరుల సిమ్‌లు మోసుకెళ్లడం ఈ రోజుల్లో మోసగాళ్ల పద్ధతిగా మారింది. ఆ అబ్బాయి సంచిలో వేరేవాళ్ల పేరుమీద ఉన్న సిమ్ దొరికితే జవాబు చెప్పుకోలేడు. అందరి సిమ్‌లు తీసుకెళ్లే మంచిమనిషి ఊళ్లో ఎవరైనా ఉంటే ఆయనకీ ఈ మాట చెప్పండి. భాయ్ సెలవు మీద వచ్చినప్పుడు తనే తీసుకెళ్లాలి, అప్పటిదాకా వాట్సాప్‌ని కువైట్ నంబర్‌కి మార్చుకోవాలి.

అది చాలా తేలిక, కానీ సరైన పద్ధతిలో చేయాలి. వాట్సాప్ తీసేసి కొత్తగా వేసుకోవద్దు. సెట్టింగ్స్‌లో 'అకౌంట్', అందులో 'చేంజ్ నంబర్' ఉంటుంది. పాత నంబర్ పైన, కొత్త నంబర్ కింద కొడితే చాట్లు, గ్రూపులు అలాగే ఉంటాయి, మన కాంటాక్టుల్లో ఎవరికి తెలియజేయాలో కూడా అదే అడుగుతుంది. ఉత్తర్వు భారతీయ నంబర్లతో నడిచే ఖాతాలకు సంబంధించింది, కాబట్టి కువైట్ నంబర్ మీద నడిచే వాట్సాప్‌కి ఇక్కడి సిమ్ అక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ కువైట్ సిమ్ కంపెనీవాళ్లు ఇచ్చిందైతే వద్దు. ఉద్యోగం మారిన రోజు అది కూడా పోతుంది. సొంత పేరు మీద తీసుకున్న సిమ్ అయి ఉండాలి. నంబర్ మార్చిన రోజు ముందుగా ఇంటికి వీడియో కాల్ చేసి ముఖం చూపించి చెప్పాలి. లేకపోతే 'నంబర్ మారింది అమ్మీ' అనే మెసేజ్ ఎవడు పెట్టాడో మనకెలా తెలుస్తుంది? ఆ ఒక్క వాక్యంతో ఎన్ని ఇళ్లు మోసపోయాయో సైబర్ పోలీసులని అడిగితే చెప్తారు.

మార్చినా మార్చకపోయినా వాట్సాప్‌లో 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టుకోండి. ఇది కూడా 'అకౌంట్'లోనే ఉంటుంది. ఆరంకెల పిన్ అడుగుతుంది. రేపు నంబర్ పొరపాటున చేయి మారినా, ఎవరైనా ఓటీపీ రాబట్టినా, ఈ పిన్ తెలియకపోతే కొన్నిరోజులపాటు లోపలికి రాలేరు. ఆ కొన్నిరోజుల్లో మనం మేలుకోవచ్చు. పుట్టిన తేదీ పెట్టొద్దు, అది ఆధార్ జిరాక్స్ మీదే ఉంటుంది.

బ్యాంకు ఓటీపీ సంగతికొస్తే, గల్ఫ్ నంబర్‌తోనే యూపీఐ వాడుకునే వీలు ఒకటుంది, చాలామందికి తెలియదు. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు ఉన్నవాళ్లకి విదేశీ నంబర్‌తో యూపీఐ ఇవ్వొచ్చని ఎన్‌పీసీఐ 2023 జనవరిలో పది దేశాల జాబితా ఇచ్చింది. అందులో సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ లేవు. మన రాష్ట్రం నుంచి కువైట్‌కి వెళ్లినవాళ్లు అంతమంది ఉండగా ఆ పేరు లేకపోవడం నాకు విడ్డూరంగా అనిపించింది. ఇంకో సంగతి, విదేశంలో ఉద్యోగం చేస్తున్న మనిషి ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలన్నది ఫెమా నియమం. మనవాళ్లలో చాలామంది పాత ఖాతానే నడిపేస్తున్నారు. సెలవు మీద వచ్చినప్పుడు పాస్‌పోర్టు, వీసా కాపీలు పట్టుకుని బ్రాంచ్‌కి వెళ్తే నంబర్ మార్పు, ఖాతా మార్పు ఒకే రోజు అయిపోతాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి డిజిటల్ చెల్లింపుల ధ్రువీకరణకు రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధనలు వస్తున్నాయి. ఎస్‌ఎంఎస్ ఓటీపీ ఒక్కటే కాకుండా వేరే మార్గాలకూ వాటిలో చోటుంది. మీ బ్యాంకు యాప్‌లో అలాంటిది వచ్చిందేమో అప్పుడు అడిగి చూడండి. సిమ్ మీద బరువు కొంత తగ్గుతుంది.

ఇక ఇళ్లలో సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూసుకునే సందర్భం కూడా ఇదే. అబ్బా పేరు మీద నాలుగు, అందులో రెండు ఎవరు వాడుతున్నారో తెలియదు, ఇది మామూలే. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో, యాప్ అక్కర్లేదు, బ్రౌజర్ చాలు, మీ నంబర్, ఓటీపీ కొడితే మీ పేరు మీద ఉన్న నంబర్లన్నీ వస్తాయి. మీది కాని నంబర్ కనిపిస్తే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. మన రాష్ట్రంలో ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్‌ల వరకే ఉండాలి. దాటితే కొత్త టెలికాం చట్టం ప్రకారం మొదటిసారి 50 వేల రూపాయల దాకా జరిమానా. ఇంటిపెద్ద చనిపోయాక ఆయన పేరు మీది సిమ్ అలాగే వాడుతున్న ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ సిమ్ పాడైతే డూప్లికేట్ ఇవ్వరు, ఎందుకంటే వేలిముద్ర వేయాల్సిన మనిషి లేడు. మరణ ధ్రువపత్రం తీసుకుని కంపెనీ స్టోర్‌కి వెళ్లి పేరు మార్పించుకోవాలి.

ఈ ఉత్తర్వు పేరు చెప్పి వచ్చే మోసాల గురించి కూడా ఒక మాట. 'మీ వాట్సాప్ సిమ్ బైండింగ్ కాలేదు, ఈ ఫైలు వేసుకోండి' అని మెసేజ్ రావడం ఖాయం. చలానా పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో పంపిన ఏపీకే ఫైళ్ల లాంటిదే ఇదీ. సిమ్ బైండింగ్ కోసం మనం వేసుకోవాల్సిన ఫైలు ఏదీ లేదు, నింపాల్సిన ఫారం లేదు, కట్టాల్సిన ఫీజు లేదు. వాట్సాప్‌ని ప్లేస్టోర్ నుంచి అప్‌డేట్ చేసుకోవడమే మన పని. బ్యాంకు నుంచి నిజంగా వచ్చే లావాదేవీల కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, మామూలు పదంకెల నంబర్ నుంచి బ్యాంకునని ఎవరన్నా అంటే పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ. గల్ఫ్ నుంచి ఆ నంబర్ కలవకపోతే ఇంట్లోవాళ్లతో చేయించండి, సైబర్ క్రైమ్ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు రాయొచ్చు.

భాయ్ గత శుక్రవారం నమాజ్ తర్వాత వాట్సాప్‌ని తన కువైట్ నంబర్‌కి మార్చుకున్నాడు. పిన్ కూడా పెట్టుకున్నాడు. ఖాలా ఖాతాకి నంబర్ మార్చే ఫారం నందిగామ బ్రాంచ్‌లో ఇచ్చాం, వారంలో అవుతుందన్నారు. ఏడాది రీచార్జ్ నేనే చేశాను. భాయ్ ఈద్‌కి వస్తున్నాడు, వెళ్లేటప్పుడు సిమ్ తీసుకెళ్తాడు. అప్పటిదాకా బటన్ల ఫోన్ ఫ్రిజ్ మీదే ఉంటుంది. మెసేజ్ వచ్చినా చదవనని, కొడుకు వీడియో కాల్‌లో కనబడి అడిగితేనే స్క్రీన్ చూపిస్తానని ఖాలా మాటిచ్చింది.